పెన్న ఒడ్డున గుంట గోడకు అలుకు

పోయిన మంగళవారం నేను చేసిన ఘనకార్యానికి పెన్న ఒడ్డున తవ్వకం మొత్తం మూతపడాల్సింది. ఎట్టా బయటపడినామో వినండి.

సంగం ఊరికి ఎగువన దిబ్బ తవ్వుతున్నారు కదా, ఎప్పుడో ఏటి పక్కన బతికిన మనుషుల ఊరంట అది. అక్కడ నలభైమంది కూలీల మీద నేను మేస్త్రీని. మా ఆఫీసరు కుర్రవాడు, బంగారంలాంటి మనిషి. మంగళవారం పొద్దున్నే జీపెక్కుతూ చెప్పినాడు.

"మేస్త్రీ, రేపు హైదరాబాదు నుంచి పెద్దసారును తీసుకొస్తాను. ఆయన చూసేది ఈ గుంట గోడనే. నచ్చితే ఇంకో రెండు నెలల పనికి సంతకం పెడతారు. లేకపోతే అందరం మూట సర్దుకోవడమే."

ఆయన అట్టా నెల్లూరు పోయినాడు, నేను గుంటలో దిగినాను. ఏం గోడండీ అది. కింద బూడిద చార, పైన ఎర్రచార, మధ్యలో కుండ పెంకులు పొడుచుకొచ్చి ఉండాయి. థర్డు ఫారం దాకా చదివినోణ్ణి, పెద్దమనిషికి ఇట్టాంటి గోడ చూపించకూడదని ఆ మాత్రం తెలియదా? పాస్టరుగారు వస్తున్నారంటేనే మేము ఇల్లంతా అలుకుతాం.

నేరుగా ఇంటికి పోయి మా ఆవిడ మార్తమ్మకు చెప్పినాను.

"గుంటను అలకడమేందయ్యా?" అనింది.

"నలభై ఇళ్ల కూడు దాని మీదనే ఉండాది మే."

ఆ మాటతో కొంగు బిగించింది. ఎర్రమన్ను, పేడ కలిపి అలికిందంటే, గోడ అద్దమే. పొడుచుకొచ్చిన పెంకుల్ని పీకనియ్యలేదు నేను. వాటి మీద కూడా మెత్తించినాను.

మర్నాడు జీపు వచ్చింది. మా సారు గుంటలోకి తొంగి చూసి కొయ్యబారిపోయినాడు.

"పొరలేవి మేస్త్రీ?"

"ఏం పొరలు సార్?"

గుసగుసగా అప్పుడు చెప్పినాడు. కింది చార రాతిగొడ్డళ్లతో బతికినవాళ్లదంట, పై చార ఇనుము నేర్చినవాళ్లదంట. రాయి వదిలి ఇనుము పట్టింది ఎక్కడో తెలిసేది ఆ గోడ మీదనే.

ఈలోగా పెద్దసారు గుంటలోకి దిగేసినాడు. జలుబేమో, రుమాలు ముక్కు మీదనే ఉండాది. కళ్లజోడు సర్దుకుని గోడ మీదికి వంగినాడు.

"అద్భుతం. అలికిన మనిషి వేళ్ల గుర్తులు కూడా నిలిచాయే. ఏ కాలం నాటిదంటావయ్యా?"

మా సారు అబద్ధం చెబితే ఆయన ఉద్యోగం పోతుంది, నిజం చెబితే మా పని పోతుంది. చివరికి నేనే చేతులు కట్టుకున్నాను.

"నిన్న పదింటిదండి."

గట్టు మీద నుంచి మార్తమ్మ అందుకునింది. "పది కాదండి, పదకొండు. నీళ్లు తేవడంలో ఈయనే ఆలస్యం చేసినాడు."

పెద్దసారు ఇద్దరినీ మార్చి మార్చి చూసినాడు. తర్వాత మట్టిగడ్డ మీద చతికిలబడి, కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకుంటూ నవ్వినాడు. నవ్వు అయినాక చాకు అడిగి తీసుకుని, తనే గోరంత మందాన గీకడం మొదలుపెట్టినాడు. మధ్యాహ్నానికి బూడిద చార, ఎర్రచార రెండూ బయటపడినాయి. వాటి ముందు చాలాసేపు నిలబడి, జీపు బానెట్ మీదనే సంతకం పెట్టేసినాడు.

పోతూ రెండు ఆర్డర్లు వేసినాడు. మార్తమ్మది మెత్తటి చెయ్యి, పెంకులు కడగడానికి పెట్టుకోమన్నాడు. మేస్త్రీని గోడకు పది అడుగుల దూరంలో ఉంచమన్నాడు.

మా సారు సున్నంతో గీత కూడా గీయించినాడు. ఇప్పుడు నేను గీత ఇవతల నుంచే అరిచి పని చేయిస్తున్నాను. మార్తమ్మ గంప నెత్తిన పెట్టుకుని దర్జాగా గీత దాటిపోతా, "కాలు వెనక్కి తీసుకో మేస్త్రీ" అని చెప్పి మరీ పోతుంది.