ఆరుద్ర దాకా ఆగిన పిల్ల

మొన్న మనవరాలు బడి నుంచి వస్తూనే, వాతావరణ మార్పు మీద ప్రాజెక్టట, థర్మాకోలు కావాలి, రంగులు కావాలి అని నా ప్రాణం తీసింది. వనపర్తి బజారంతా తిరిగి తెచ్చాం. అది భూగోళానికి ఎర్రరంగు పూస్తుంటే విసుగ్గా చూస్తూ కూర్చున్నాను. బతుకంతా సైన్సు చెప్పినదాన్నే, అయినా ఆ పాఠమంటే ఇప్పుడు నీరసం. అది నాకెక్కడ పట్టుకుందో తెలుసు.

రెండువేల తర్వాతి కరువు ఏళ్లలో అమరచింత దగ్గర ఒక పల్లె బడిలో ఉండేదాన్ని. రెండు గాజుసీసాలు ఎండలో పెట్టి, ఒకదానికి మూత బిగించి, లోపలి వేడిని పిల్లల చేతే కొలిపించి, భూమి మీద పొగ కూడా ఇలా మూతలా పనిచేస్తుందని చెప్పాను. పదో తరగతి పిల్ల ఒకతె లేచింది. "గంత పొగ ఎవరు ఇడుస్తుండ్రు టీచర్?" కార్ఖానాలు, కార్లు ఎక్కువున్న దేశాలన్నాను. "మాకు సైకిల్ గూడ లేదు. మరి వానల్లేక మేమెందుకు బొంబాయికి కూలికి పోవాలె?" గంట కొట్టినా కథ ఆపని మా సోషల్ సారు పక్క గదిలోంచి విన్నట్టున్నారు, గుమ్మంలోకి వచ్చి, "దీనికి జవాబు సిలబస్‌ల లేదు బేటీ," అన్నారు.

ఆ పిల్ల తండ్రి విత్తనాలు వేసుకుందామని వలస నుంచి వచ్చాడు. పిల్లను చదువుకోనివ్వమని అడిగితే, "ఆరుద్ర కార్తె దాక సూస్త టీచరమ్మా. వాన పడితే ఉంటం, లేకుంటే పోతం. ఎదిగిన పిల్లను ఒక్కదాన్నే యాడ ఇడిశిపెట్టాలె?" అన్నాడు. హాస్టల్ సీటు కోసం సారూ నేనూ తిరిగాం, నిండిపోయిందన్నారు. సంగతి తెలిసి తరగతంతా కప్పతల్లి ఆడతామంది. రోకలికి వేపమండలు చుట్టి, కప్పను కట్టి ఇంటింటికీ తిప్పితే, అందరూ దాని మీద నీళ్లు పోస్తే వాన వస్తుందని మా వైపు నమ్మకం. సీసా పాఠం చెప్పిన నోటితో ఆడమనలేను, వద్దనడానికి మనసూ రాలేదు. తీరా చూస్తే కప్పే లేదు! కుంట ఎండిపోయింది. చివరికి బోరింగు దగ్గరి బురదలో ఒక బక్క కప్ప దొరికితే బడంతా సంబరం. సోషల్ సారు ప్రతి గుమ్మం ముందూ ఆగి, ఒకప్పటి వానల ముచ్చట చెప్పమని ముసలివాళ్లను అడిగి పిల్లలకు వినిపించారు. ఒకావిడ మాత్రం, "తాగనీకె లేవు, కప్పకు యాడికెల్లి తేవాలె?" అని తిట్టింది. రోకలి కొస పట్టుకున్న ఆ పిల్ల మొహం చూసి, లోపలికి పోయి చెంబెడు నీళ్లు తెచ్చి పోసింది. పిల్లలు తడిసి ఒకటే నవ్వులు. నాకూ ఆశ పుట్టింది, దాచుకోవడమెందుకు.

ఆరుద్ర పొడిగానే వెళ్లిపోయింది. కూలీలను తీసుకుపోయే మేస్త్రి లారీ వచ్చిన పొద్దున ఆ పిల్ల బడికి వచ్చి, "పోయొస్త టీచర్. సైన్సు పుస్తకం మూటల పెట్టుకున్న," అంది. ఆ తర్వాతి కార్తెల్లో ఒక మధ్యాహ్నం వాన విరుచుకుపడింది. తరగతిలో ఒక్కరూ కేరింత కొట్టలేదు, అందరూ ఖాళీ బెంచీ వైపే చూశారు. వాన మీద కోపం రావడం నాకు అదే మొదలు. చాన్నాళ్లకు ఆ పిల్ల ఊరికి వస్తే పదో తరగతి పరీక్ష కట్టమన్నాను. "ఇగ ఏం సదువు టీచర్," అని నవ్వేసింది.

ఆలస్యంగా పడిన వానకు ఊళ్లో ఆముదాలైనా వేసుకున్నారు. ఆ పిల్ల పోగొట్టుకున్న ఏడాదికి మాత్రం మళ్లీ ఏ కార్తె కూడా రాలేదు.