పసుపు చొక్కాల మ్యాచ్

మొన్న బీరువా సర్దుతుంటే చీరల అడుగున మా అన్న నల్ల కళ్ళద్దాలు దొరికాయి. అవి నాకెవరూ ఇచ్చినవి కావు, ఆయన ముఖం మీదనుంచి నేనే లాక్కున్నవి. పారేద్దామని గుమ్మం దాకా వెళ్ళి, చేతులు రాక మళ్ళీ అక్కడే పెట్టాను. వాటిని చూడగానే చెంపలు వేడెక్కాయి. మూడేళ్ళైనా కోపం చల్లారలేదంటే దాన్నేమనాలో నాకు తెలియదు.

మాది విడవలూరు అవతల, సముద్రం హోరు వినపడేంత దూరంలో ఉన్న ఊరు. సగం మందికి రొయ్యల గుంటలు, సగం మందికి వలలు, అందరికీ ఫుట్‌బాల్. ఊరూరా క్రికెట్ ఆడే జిల్లాలో మాకీ పిచ్చి ఎందుకు పట్టిందంటే, మా ఇసుకలో క్రికెట్ బంతి లేవదు. అంతకంటే గొప్ప కారణం లేదు. చుట్టుపక్కల ఊళ్ళ జట్లు ఆదివారం మధ్యాహ్నాలు లీగ్ ఆడతాయి. ఆడేది పదకొండుమందైతే మాట్లాడేది ఊరంతా. చర్చి వదలగానే టీకొట్టు బల్లల మీద సభ మొదలవుతుంది. ఎవరికి ఎర్ర కార్డు చూపడం అన్యాయం, రిఫరీని తిట్టినవాణ్ణి వచ్చే మ్యాచ్‌లో కూర్చోబెట్టాలా వద్దా, ఇవీ తగాదాలు. బడిలో టీచర్ని కాబట్టి తీర్మానాలు రాసే నోటుపుస్తకం నాకప్పగించారు. ఆడవాళ్ళకి ఆటేం తెలుసని గొణిగిన పెద్దమనుషులకి ఆఫ్‌సైడంటే ఏమిటో చివరికి నేనే చెప్పాల్సి వచ్చింది.

మా అన్న జట్టుకి డ్రైవరు. వారమంతా గుంటలకు కూలీలను తిప్పే ఆయన వ్యాను, ఆదివారం ఆటగాళ్ళది. బయటి ఊరికి బయలుదేరే ముందు పాస్టరుగారు బండి మీద చెయ్యి వేసి ప్రయాణ ప్రార్థన చేస్తారు. అంతసేపూ మా అన్న స్టీరింగ్ ముందు పెళ్ళికొడుకులా తలవంచుకుని కూర్చునేవాడు. కలెక్టరు ఉద్యోగమిస్తామన్నా ఆ సీటు వదిలేవాడు కాదు. అలాంటివాడు ఒకరోజు చర్చి గుమ్మంలో నన్నే చూసి, “ఎవురమ్మా?” అన్నాడు. పట్టుబట్టి నెల్లూరు తీసుకెళితే, రెండు కళ్ళలోనూ శుక్లాలున్నాయి, ఆపరేషన్ అయ్యేదాకా బండి ముట్టుకోవద్దని డాక్టరు చెప్పాడు. ఆపరేషన్‌కి నేనే పోయొస్తాను పాపా, నువ్వు బడి పోగొట్టుకోవద్దు అన్నాడు అన్న. నాకు యాభై దాటినా ఆయనకి పాపనే. వదిన, కూతురి కాన్పుకని చెన్నైలో ఉంది. గురువారం ఒక్కడే వెళ్ళి, శనివారం నల్ల కళ్ళద్దాలతో బస్సు దిగాడు.

పది రోజులు నేను క్యారియరు మోశాను. నాటుకోడి పులుసు, మెత్తటి అన్నం, వంకాయ లేకుండా కూరలు. తల వంచకూడదన్నారని చెప్పి చేపముళ్ళు కూడా నాతోనే తీయించుకున్నాడు. ఆ ఆదివారం చర్చిలో లేచి నిలబడి, దేవుడు మా అన్నకి చూపు తిరిగి ఇచ్చాడని కన్నీళ్ళతో సాక్ష్యం చెప్పాను. వెనక బెంచీలోంచి అందరికంటే గట్టిగా ఆమెన్ అన్నది మా అన్నే.

కొన్నాళ్ళకి పక్క ఊరి జట్టు వెళుతున్న ఆటో కాలువ మలుపులో తిరగబడి ఇద్దరు ఆటగాళ్ళకి కాళ్ళు విరిగాయి. దాంతో టీకొట్టు దగ్గర ఆటగాళ్ళ ప్రయాణం గురించి పెద్ద చర్చ. సామాన్ల ఆటోలొద్దు, టాపు మీద కూర్చోవద్దు, డ్రైవరు సంగతి ముందే చూసుకోవాలి అని రాసుకున్నాం. అప్పుడు గోల్‌కీపర్ తండ్రి మెల్లిగా నన్నడిగాడు.

“అన్నకి కళ్ళు ఎట్టుండాయి టీచరమ్మా? మావోడు ఆ బండిలోనే కదా పోయేది.”

“ఆపరేషనైపోయింది. పూచీ నాది” అన్నాను. పుస్తకంలో రాసి సంతకం కూడా పెట్టాను.

ఆ తర్వాతి మ్యాచ్ నెల్లూరులో. చూడడానికి మేం పదిమందిమి బస్సులో వెళ్ళాం. అవతలి జట్టు కూడా మాలాగే నీలం చొక్కాలతో వచ్చింది. రిఫరీ ఒప్పుకోకపోతే, అక్కడి బడి పిల్లల దగ్గర పసుపు చొక్కాలు అడిగి తెచ్చుకుని మావాళ్ళు ఆడారు. బండిని నీడకు పెట్టడానికి వెళ్ళిన మా అన్నకి ఈ గొడవ తెలియదు. ఆట మొదలయ్యాక వచ్చి గీత పక్కనే కూర్చున్నాడు. ఒకే ఒక్క గోలుతో గెలిచాం. ఆట అయ్యాక పసుపు చొక్కాలు తిరిగిచ్చేసి, నీలం వేసుకుని పిల్లలు వ్యాను దగ్గరికి వచ్చేసరికి అక్కడ వాదన రేగి ఉంది. గోలుకి ముందు బంతి మనవాడి చేతికి తగిలింది, వాడే రిఫరీకి చెప్పి ఉండాల్సింది, ఇలా గెలవడం సిగ్గుచేటని గోల్‌కీపర్ తండ్రి అంటున్నాడు. గెలిచినదాన్ని తవ్వడమెందుకని మిగతావాళ్ళు.

మా అన్న తాళంచెవి వేలికి తిప్పుతూ తీర్పు చెప్పాడు. “నేను గీత పక్కనే ఉండాను. కళ్ళారా చూసినాను. బంతి మనోడి నీలం చొక్కాకి తగిలింది, గుండెకాడ. చేతికి కాదు.”

అందరూ ఘొల్లున నవ్వారు. జట్టు మీద ప్రేమ ఉంటే పసుపు కూడా నీలంగానే కనిపిస్తుందని టీకొట్టాయన వేళాకోళం చేశాడు. నాకు నవ్వు రాలేదు. గీత పక్కనే కూర్చుని ఆటంతా చూసినవాడికి మనవాళ్ళ ఒంటి మీది పసుపే కనిపించలేదు. పిల్లలు అప్పటికే ఒక్కొక్కరే బండి ఎక్కుతున్నారు.

“అన్నా, నువ్వు ఆపరేషన్ చేయించుకోలేదు కదా?”

“ఇంటికాడ మాట్లాడుకుందాం పాపా.”

నాకు ఆ జవాబు చాలు. కళ్ళద్దాలూ తాళంచెవీ లాక్కుని, పిల్లలందరినీ దిగమన్నాను. కంట్లో కత్తి పెడతారంటే భయమేసింది, బండి ఇంకొకరి చేతికిస్తే మళ్ళీ నన్ను పిలుస్తారా అని అన్న ఏదో గొణిగాడు. ఒకప్పుడు వల వేయడానికి తుఫాను గాలిలో పడవెక్కినవాడు, కత్తికి భయపడి నెల్లూరులో స్నేహితుడి ఇంట్లో రెండు రోజులు పడుకుని వచ్చాడట. ఆయన భయం నాకు అర్థం కాకపోలేదు. కానీ నాచేత దేవుడి ముందు అబద్ధం చెప్పించాడు, ఊరి పిల్లల ప్రాణాలకి అబద్ధపు పూచీ పెట్టించాడు, పైగా నాచేతే ముళ్ళు తీయించుకుని చేప తిన్నాడు. తోడబుట్టినవాడు ఇంత మోసం చేస్తాడని నేను కలలో కూడా అనుకోలేదు. గోల్‌కీపర్ తండ్రి కొడుకు చెయ్యి పట్టుకుని బస్సు ఎక్కాడు, అంతే. తర్వాతి ఆదివారం లేచి నిలబడి నా సాక్ష్యాన్ని వెనక్కి తీసుకున్నాను. మా చర్చిలో అలా జరగడం అదే మొదటిసారట. వెనక బెంచీ ఖాళీగా ఉంది.

నెల తిరక్కుండా నిజం ఆపరేషన్ జరిగింది. ఈసారి నేనూ వెళ్ళాను. బయటికి తీసుకురాగానే కట్టు నిజమైనదో కాదో వేలితో నొక్కబోతే నర్సు నన్ను తిట్టింది. కోడిపులుసు మాత్రం వండలేదు. బండి ఇప్పుడు వేరేవాళ్ళు నడుపుతున్నారు, అన్న నా పక్కనే కూర్చుని ఆట చూస్తున్నాడు. పోయిన ఆదివారం, “ఆ పసుపు చొక్కావోడు బాగా ఆడతా ఉండాడు పాపా” అన్నాడు. నేను తల తిప్పి చూశాను. చొక్కా పసుపే. మూడేళ్ళుగా ఆయన ఏ రంగు చెప్పినా ఇలా ఒకసారి తిరిగి చూసుకుంటూనే ఉన్నాను. ఆయన కళ్ళు పూర్తిగా బాగయ్యాయి కాబట్టి, నేను తిరిగి చూడడం కూడా ఆయనకి కనిపిస్తూనే ఉంది.