సగం సగం తిన్న మాత్రలు

ఆ రోజు పొద్దున సిస్టర్ మారిసెల్ నా పక్కన కూర్చుని కండె చుడుతూ పట్టుదారం తెంపింది. ముడివేసి ఇస్తే మళ్లీ తెంపింది. మాది మగ్గం ఇల్లు, దారం వృథా చేస్తే నేను ఎవరినీ వదలను. కసరబోయి చెయ్యి పట్టుకుంటే ఒళ్లు కాలిపోతోంది. ఏమైందంటే, "బాగుండాను అవ్వా" అంది. నేను ఆమెకు మొదట నేర్పిన మాట అదే.

మారిసెల్‌ది ఫిలిప్పీన్స్ దేశం. సేవ చేయడానికి వాళ్ల మఠంవాళ్లు ఇక్కడికి పంపారు. ధర్మవరంలో మా మిద్దె మీది గదిలో ఉంటుంది. పొద్దున నా దగ్గర తెలుగు నేర్చుకుంటుంది. నేను చదివింది మూడో తరగతి. నాకు ఇంగ్లీషు రాదు కాబట్టి ఆమెకు తెలుగు రాక తప్పలేదు. పాఠం అయ్యాక బస్సెక్కి ముదిగుబ్బ దగ్గర మేకలు, గొర్రెలు కాసుకునేవాళ్ల పల్లెకు పోతుంది. ఆడవాళ్లకు బీపీ చూస్తుంది, పిల్లలకు చదువు చెబుతుంది. అక్కడి గంగమ్మతో ఆమెకు మంచి స్నేహం. సాయంత్రం వచ్చి తెలుగు రాసుకుంటుంది. ఇన్ని పనుల మధ్య తన ఒంటిని చూసుకునే తీరిక మాత్రం ఆమెకు లేకపోయింది.

జ్వరం చిత్రంగా ఉండేది. సాయంత్రం వచ్చేది. తెల్లవారేసరికి చెమటకు దుప్పటి తడిసి జ్వరం జారేది. జారగానే ఈమె బస్సుకు బయలుదేరేది. నడుము నొప్పి, ఆకలి లేదు. ధర్మవరంలో మలేరియా, డెంగ్యూ, టైఫాయిడ్ అన్ని టెస్టులూ చేశారు. అన్నీ నెగటివ్. "వైరల్ ఫీవర్, తగ్గిపోతుంది" అన్నారు. తగ్గలేదు. జాకెట్లు వదులైపోయాయి. పరాయి బిడ్డ, నా ఇంట్లో ఏమైనా అయితే వాళ్ల అమ్మకు ఏం చెప్పాలి?

బెంగళూరు నుంచి వాళ్ల పెద్ద సిస్టర్ ఫోన్ చేసింది. జబ్బేమిటో తేలకపోతే వెనక్కి పంపేస్తామంది. మారిసెల్ ఆ పూట ఏడ్చింది. ఒకసారి పోతే మళ్లీ వీసా ఇచ్చేది, మఠంవాళ్లు పంపేది అనుమానమేనట.

అనంతపురం పెద్దాసుపత్రికి నేనే తీసుకుపోయాను. అక్కడి డాక్టరమ్మ పాత రిపోర్టులు పక్కన పెట్టి, ఎక్కడ తిరుగుతావు, ఏం తింటావు, ఏం తాగుతావు అని అడిగింది.

"గంగమ్మ మేకపాలు పిండి ఇస్తాది. తాగుతాండా" అంది మారిసెల్.

పరాయి దేశం పిల్ల నోట మా ఊరి మాట విని డాక్టరమ్మ నవ్వింది. వెంటనే నవ్వు ఆపింది. "కాచకుండానా?"

"వేడిగానే ఉంటాయి గదా."

ఆ పల్లెలో వచ్చినవాళ్లకు మర్యాద అదే. ఎదురుగా పిండి, నురగతో లోటా చేతికిస్తారు. ఆమె వద్దని ఎట్లా అంటుంది? పైగా ఈచుకుపోయిన, అంటే నెలలు నిండకుండా పిల్లను పడేసిన మేకకు పక్కన కూర్చుని ఉత్త చేతులతో సాయం చేసిందట.

రక్తం తీసి పంపారు. రిజల్టు వచ్చేదాకా నాకు నిద్ర లేదు. "బ్రూసెల్లా పాజిటివ్. పశువుల నుంచి వచ్చే జ్వరం. గుండెకు పాకిందేమో ఎకో తీద్దాం, నడుముకు ఎంఆర్‌ఐ" అంది డాక్టరమ్మ. ఆ గది బయట బెంచీ మీద నేను మొక్కని దేవుడు లేడు, ఆమె దేవుడితో సహా. రెండూ నార్మల్. రెండు రకాల మాత్రలు రాసిచ్చింది. ఆరు వారాలు ఒక్క పూట కూడా మానకూడదంది. మూత్రం ఎర్రగా వస్తుంది, భయపడొద్దని కూడా చెప్పింది.

కొన్నాళ్లకు జ్వరం దిగింది. పిల్ల మళ్లీ బస్సెక్కింది. పొద్దుటి మాత్రలు నా ఎదుటే మింగేది. రాత్రివి ప్రార్థన అయ్యాక పైన వేసుకుంటానంటే నమ్మాను.

నెల తిరిగేసరికి మళ్లీ అదే జ్వరం. ఈసారి నడుము పట్టేసి మెట్లు దిగలేకపోయింది. పట్టుకుని దించి కింద నా మంచం మీద పడుకోబెట్టాను. మందు సరిగా వేసుకుంటున్నావా అంటే తల ఊపింది. మందు పనిచేయకపోతే ఇంక దారేది?

సిస్టరమ్మ రావడం లేదని గంగమ్మ చూడటానికి వచ్చింది. చేతిలో క్యారియర్ నిండా పచ్చి మేకపాలు. నేను లాక్కుని పొయ్యి మీద పెట్టాను.

"ఏమమ్మా, జరమొచ్చిన బిడ్డకు బలానికని తెస్తే గుంజుకుంటావే" అంది.

"బలం సంగతి తర్వాత. ముందు కాగనీ."

గంగమ్మ మారిసెల్ మంచం పక్కన నడుము పట్టుకుని కూలబడింది. "నాకూ మళ్లా జరమొస్తాంది సిస్టరమ్మా. నువ్విచ్చిన మాత్రలు అయిపోయినాయి."

నేను గరిటతోనే మంచం దగ్గరికి వచ్చాను. "ఏం మాత్రలు?"

"ఆమె పొద్దుటివి, నేను రేత్రివి. నాదీ అదే నొప్పి గదా. ఆస్పత్రికి పోతే మేకల్ని ఎవరు కాస్తారు?"

మారిసెల్ గోడవైపు తిరిగింది. "ఆమెకు బిడ్డలుండారు అవ్వా."

"సగం మందుకు సగం జరం పోదు పాపా" అన్నాను.

మరునాడు ఇద్దరినీ బస్సెక్కించాను. మేకల్ని గంగమ్మ మొగుడు కాశాడు. సంగటి కెలకడం కూడా నేర్చుకున్నాడు. డాక్టరమ్మకు కోపం వచ్చింది. "ఒక మనిషి మందు ఇద్దరు తిన్నారు. ఇద్దరికీ తగ్గలేదు." గంగమ్మకూ పాజిటివే. మారిసెల్ ఎంఆర్‌ఐలో ఈసారి వెన్నుపూసలో ఇన్‌ఫెక్షన్ కనబడింది. మూడు నెలల మందు, ఇంజెక్షన్లు.

పెద్ద సిస్టర్ తానే వచ్చింది, పిల్లను తీసుకుపోవడానికి. జబ్బు తెలిసిన చోటే మందు పూర్తి కావాలి, మధ్యలో ప్రయాణం వద్దు అని డాక్టరమ్మ ఆపింది. మందయ్యాక స్కాన్ చూసి నిర్ణయిద్దామని పెద్ద సిస్టర్ వెళ్లిపోయింది. ఆ మూడు నెలలూ నా ఇంట్లో రెండు మంచాలు. ఇద్దరూ నా ఎదుటే మింగి, నోరు తెరిచి చూపించాలి. ఇంత కాపలా మా అత్త కూడా పెట్టలేదని గంగమ్మ గొణిగేది. మారిసెల్ మంచం మీది నుంచే గంగమ్మ దగ్గర మేకల రోగాల పేర్లన్నీ తెలుగులో నేర్చుకుంది.

చివరి స్కాన్ చూసి డాక్టరమ్మ "మానిపోయింది" అంది. పెద్ద సిస్టర్ ఉండమంది.

ఇప్పుడు మారిసెల్ మళ్లీ పల్లెకు పోతోంది. గంగమ్మ పాలు పొంగించి గానీ ఎవరికీ ఇవ్వదు. ఆలస్యమవుతుందని అలిగినవాళ్లను అలగనిస్తుంది.

చదివేవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే. మీ స్నేహితులకు మీలాంటి జబ్బే ఉందనిపిస్తే మీ మాత్రలు పంచకండి. మనిషినే ఆస్పత్రికి తీసుకుపోండి.

నిన్న సాయంత్రం బస్సు దిగి వచ్చిన పిల్లను ఎట్లా ఉండావని అడిగాను. మెట్టు మీద కూర్చుని, "నడుము కొంచెం నొస్తాంది అవ్వా" అంది. వేడినీళ్లు పెట్టడానికి లేచాను. ఈసారి బాగుండానని దాచలేదు. ఆ మాట ఆమె నోట విన్నాక నాకు భయం తగ్గింది.