సువార్త పంపిన చావు కబురు

మా అమ్మానాన్నలు నాకు సువార్త అని పేరు పెట్టారు. అంటే మంచి కబురు. ఇరవై నాలుగేళ్ల వయసులో ఒక్క పూటలో నేను ఎంతమందిని ఏడిపించానో, ఎంత మంచి కలపని కోయించానో విన్నాక, ఆ పేరు తీసేయమని మీరే అర్జీ పెడతారు.

అప్పుడు నేను వట్లూరులో ఒక కాలేజీలో కంప్యూటర్లు నేర్పేదాన్ని. సెల్‌ఫోన్లు రిక్షా తొక్కేవాళ్ల జేబుల్లోకి కూడా వస్తున్న రోజులు. మా చర్చి ఆడవాళ్ల సంఘం ఏలూరులో ఇల్లు లేనివాళ్ల కోసం ఒక వంటగది నడిపేది. దాని వెనక పది మంచాల షెడ్డు ఉండేది. షెడ్డులో మంచాలు ఖాళీగా ఉండేవి, స్టేషన్లలో బెంచీలు మాత్రం నిండుగా ఉండేవి. ఎవరు ఎక్కడ పడుకుంటున్నారో తెలిస్తే కదా సాయం చేరేది! ఆ పని నేను చేసి చూపిస్తానని లేచాను.

ఒక సెల్‌ఫోనుని కేబులుతో కంప్యూటరుకి కట్టేశాను. ఆరుబయట పడుకున్నవాళ్లు కనిపిస్తే ఎవరైనా ఆ నంబరుకి మెసేజ్ పెట్టాలి. కంప్యూటరే చదివి, ఎవరికి చేరాలో వాళ్లకి పంపుతుంది. మెసేజ్‌లో 'ఆకలి' అని ఉంటే వంటగదికి. 'జ్వరం' అని ఉంటే డాక్టరుగారికి. 'పోయ' అనే అక్షరాలుంటే పాస్టరుగారికి, తాడేపల్లిగూడెంలో శవపేటికలు చేసే అబ్రహాం గారికి, బంధువుల నంబరు మా దగ్గరుంటే వాళ్లకి కూడా, బైబిల్లోంచి ఒక ఆదరణ వాక్యంతో సహా. ఈ మాటల జాబితా మొత్తం నేనే రాశాను. రాసి, పదిమందిని పిలిచి చూపించాను కూడా.

"పంపేముందు మనిషెవరూ చూడక్కర్లేదామ్మా?" అనడిగారు పాస్టరుగారు.

"అదేనండీ దీని గొప్ప. మనిషితో పనే లేదు" అన్నాను.

ఆ మాట అన్న నోటిని ఇప్పటికీ క్షమించలేదు.

ఇక ఏసుపాదం తాత సంగతి. ఆకివీడు దగ్గర చేపల చెరువులకి కాపలా ఉండేవాడు. ఆ పని ఆగిపోయాక తాడేపల్లిగూడెం స్టేషన్లో ఒక బెంచీ మీద కాపరం పెట్టాడు. షెడ్డుకి రమ్మంటే "బెంచీ అలవాటైపోయిందమ్మా" అనేవాడు. ఒక్కగానొక్క కూతురు కరుణ తనకి నచ్చినవాణ్ని చేసుకుంటే, "నీ గడప తొక్కను" అన్నాడట. "తొక్కొద్దు" అందట ఆవిడ. ఇద్దరూ మాట మీద నిలబడ్డారు. మూడు నెలలు వెతగ్గా అత్తిలిలో ఆవిడ భర్త నంబరు దొరికింది. ఫోన్ చేస్తే, "నాకు నాన్న లేడండీ" అని పెట్టేసింది.

ఆ సంగతి తాతకి నేనే వెళ్లి చెప్పాను. అబద్ధం చెప్పడం చేతకాలేదు. తాత దుప్పటి అంచు మడుస్తూ కూర్చుని, "ఏ వీధమ్మా?" అని మాత్రం అడిగాడు.

"చర్చి వెనక వీధండీ."

తలూపి, దుప్పటి కప్పుకుని పడుకున్నాడు.

మర్నాడు పొద్దున తొమ్మిదింటికి మెసేజ్ వచ్చింది. పంపింది ఓబులేసు గారు. కడప వైపు మనిషి, వచ్చి ఆరు నెలలయింది, గూడెం స్టేషన్ సైకిల్ స్టాండులో పని. తాతని చూస్తూ ఉంటానని ఒప్పుకున్నారు. ఫోన్లలో తెలుగు ఉండేది కాదు కాబట్టి ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టారు. నేను కూడబలుక్కుని చదివింది ఇదీ: "తాత పోయినాడు మేడం. ఇప్పుడే. నెమ్మదిగా పోయినాడు. ఇంక రాడు. దుప్పటి నా కాడ ఉంది. నువ్వు నిన్న చెప్పినందుకే పోయినాడు."

మీరే చెప్పండి, ఇందులో అనుమానించడానికి ఏముంది? నిన్న నేను చెప్పిన మాటకే ఆ ముసలాయన గుండె ఆగిపోయింది. ఓబులేసు గారికి ఫోన్ చేస్తే స్విచ్ ఆఫ్. తల తిప్పి చూస్తే కంప్యూటరు తెర మీద వరసగా మూడు పచ్చ గుర్తులు. పాస్టరుగారికి వెళ్లింది. అబ్రహాం గారికి వెళ్లింది. అత్తిలికి వెళ్లింది.

నిమిషం తిరక్కుండా ఫోన్ మోగింది. నాకు నాన్న లేడన్న గొంతే.

"ఏవండీ... మా నాన్నని నేనొచ్చేదాకా ఉంచండి. నేను చూడాలండీ. ఎవరినీ ముట్టుకోనివ్వకండి."

"గూడెం స్టేషనుకి రండి, ఉంచుతామండీ" అన్నాను.

పాస్టరుగారూ నేనూ బస్సెక్కాం. గంటన్నర ప్రయాణంలో ఆయన ప్రార్థన చేశారు, నేను ఏడ్చాను. గూడెం స్టేషన్లో తాత బెంచీ ఖాళీగా ఉంది. పరుగెత్తి స్టేషన్ మాస్టారి గదిలో దూరాను.

"శవం ఎక్కడుంచారండీ?"

"ఏ శవమండీ?" అన్నారాయన, టీ గ్లాసు కింద పెడుతూ.

"ఏసుపాదం గారిదండీ. పొద్దున్న పోయారు."

"ఇక్కడ పోతే మాకు తెలియాలి కదండీ? కూర్చోండి, మంచినీళ్లు తాగండి."

బయట టీ కొట్టాయన మాత్రం తాతని చూశాడు. "ఏడింటికి గడ్డం గీయించుకున్నారండి. ఉతికిన చొక్కా వేసుకున్నారండి. అందరికీ దణ్ణం పెట్టారండి."

పాస్టరుగారు కళ్లు మూసుకున్నారు. "ముందే తెలిసిందమ్మా ఆయనకి. సిద్ధపడ్డాడు."

నేను బావురుమన్నాను. టీ కొట్టాయన కంగారుపడి నాకొక టీ ఇచ్చాడు. సరిగ్గా అప్పుడే కరుణ దిగింది, భర్త స్కూటరు మీద, జుట్టు కూడా ముడేసుకోకుండా.

"మా నాన్న ఏరండీ?"

"అదేనండీ... వెతుకుతున్నాం."

"వెతకడమేంటండీ? ఉంచుతామన్నారు కదండీ!"

నాకు చంపడం వరకే చేతనైంది, చూపించడం చేతకావడం లేదు. ఆవిడ ఆ ఖాళీ బెంచీ దగ్గర కూలబడి, చెక్క మీద చెయ్యి వేసి, "ఒక్క మాట మాట్లాడుంటే పోయేది కదండీ" అంది. నేను ఆవిడ మొహం చూడలేకపోయాను. ఆసుపత్రికి వెళ్లి అడుగుదామని పాస్టరుగారు లేచేసరికి, ఓబులేసు గారు సైకిలు మీద నింపాదిగా వచ్చారు, క్యారియరు మీద తాత దుప్పటి కట్టుకుని.

"ఏం మేడం, ఇంతమంది వస్తిరి?"

"తాతని ఎక్కడ పెట్టారండీ?" అని అరిచాను.

"బస్సులో పెట్టినా."

"శవాన్ని బస్సులోనా!"

"శవమెవరు మేడం? తాత పోయినాడు అని చెప్తి కదా!"

"ఎక్కడికి పోయాడు?" ఇది కరుణ గొంతు.

"అత్తిలికి. కూతురింటికి. ఈ మేడం వీధి చెప్పిందంట. కిటికీ సీటు నేనే పట్టిచ్చినా."

మా గోదావరి వైపు బతికున్నవాళ్లు వెళతారండీ. మనుషులు పోవడమంటే చచ్చిపోవడమే. ఇంట్లోంచి కదిలేటప్పుడు 'వెళ్తాను' అనడానిక్కూడా నోరు రాదు, 'వెళ్లొస్తాను' అంటాం. ఓబులేసు గారి వైపు బజారుకి పోతారు, పెళ్లికి పోతారు, పోయి సాయంత్రానికి తిరిగొస్తారు. ఇంత చిన్న సంగతి నా కంప్యూటరుకి తెలీదు. దానికి నేర్పిన మహాతల్లికీ తెలీదు.

కరుణ ఏడుపు ఆపలేదు, కానీ స్కూటరెక్కింది. మేము ఆటోలో వెనక బయల్దేరాం. కబురందుకుని స్టేషనుకి వచ్చిన అబ్రహాం గారు కూడా ఎక్కారు. "చెక్కలు కోసేశానండీ. ఆరడుగులకి" అంటూ అత్తిలి వరకూ అదే మాట.

కరుణ ఇంటి ముందు షామియానా వేసేశారు. దాని కింద ఇరుగుపొరుగు. వాళ్ల మధ్య, గడపకి ఇవతల మెట్టు మీద, నున్నటి గడ్డంతో ఏసుపాదం తాత టీ తాగుతున్నాడు.

పక్కింటావిడ మాకు చెప్పింది: "ఎవరు పోయారని అడిగారండీ పెద్దాయన. కరుణ వాళ్ల నాన్నగారండీ అన్నాం. ఎలాంటివాడు అనడిగారు. మహా మొండివాడంటండీ అన్నాం. నిజమేనండీ అని కళ్లు తుడుచుకుని కూర్చున్నారు."

కరుణ తండ్రి ముందు నిలబడింది. కొడుతుందేమో అనుకున్నాను.

"గడప తొక్కనన్నావుగా!"

"ఎక్కడ తొక్కానమ్మా? మెట్టు మీద ఉన్నాను."

"లేచి లోపలికి రా నాన్నా."

తాత షామియానా వంక చూశాడు, పాస్టరుగారి చేతిలో బైబిలు వంక చూశాడు, నా వంక చూశాడు. "చచ్చినవాడికి పంతమేంటిలే" అని గ్లాసు పక్కన పెట్టి గడప దాటాడు. నాకు నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, ముందు మాత్రం పారిపోవాలనిపించింది.

"మరి చెక్కలో?" అన్నారు అబ్రహాం గారు.

చెక్కలు వృథా పోలేదు. వాటితో తాతకి వరండాలో బల్ల మంచం కొట్టించారు. "నా పెట్టె మీద నేనే పడుకుంటున్నాను చూడండి" అని వచ్చినవాళ్లందరికీ గర్వంగా చూపించేవాడు. ఓబులేసు గారి దగ్గరున్న దుప్పటి దాని మీదకే చేరింది.

నా జాబితాలోంచి 'పోయ' తీసేశాను. మెసేజ్ ఏదైనా మనిషి చదివాకే ముందుకి వెళ్లాలని పాస్టరుగారు కొత్త రూలు పెట్టారు. సంఘం వాళ్లందరి ఎదుటా నేను చెయ్యెత్తి ప్రమాణం చేశాను: "ఇకమీదట ఎవరైనా పోయారని నాతో అంటే, ఎక్కడికి అని అడగందే కన్నీరు కార్చను, కబురు పంపను."

ఆ ఒట్టు నాలుగేళ్లు తప్పలేదు. ఒక ఆదివారం కరుణ ఫోన్ చేసింది.

"ఏవండీ, నాన్న పోయారండీ."

"ఎక్కడికండీ?" అన్నాను, ఒట్టు ప్రకారం.

అవతల చప్పుడు లేదు. అప్పుడు వెలిగింది నాకు. అంతలో ఆవిడ ఏడుస్తూనే ఒక్కసారిగా నవ్వేసింది. "మా నాన్న వినుంటే ఎంత నవ్వేవాడండీ" అంది. ఇద్దరం చాలాసేపు అలా నవ్వుతూ ఏడ్చాం.

అందుకని ఆ ప్రమాణాన్ని కొంచెం సవరించి, మళ్లీ మీ అందరి సాక్షిగా చేస్తున్నాను: ఎవరైనా పోయారంటే, ఎక్కడికి అని తప్పకుండా అడుగుతాను. కాకపోతే ముందు చెప్పేవాళ్ల గొంతు వింటాను.