కొమురయ్య ఇంటి దొడ్డి తలుపు

2023 వానాకాలం. స్మార్ట్ హోమ్ పరికరాల్లోంచి ఆధారాలు తీయడం నా పని. ఖమ్మంలో చిన్న ల్యాబ్ ఉంది. వేరే కేసు మీద భద్రాచలంలో ఉండగా మణుగూరు ఎస్సై ఫోన్ చేశారు. బొగ్గుబాయిలో చేసి రిటైరైన కొమురయ్య పొద్దున్నుంచి కనబడటం లేదట. ఆయనకు మతిమరుపు. గోదావరి నిండుగా పారుతోంది. అందరి భయమూ దాని మీదే.

నేను ఇంట్లో అడుగు పెట్టేసరికి కొడుకు రవి హబ్ ప్లగ్ మీద చెయ్యి వేసి ఉన్నాడు.

"నెట్ లేక యాప్‌ల ఏం వస్తలేదు మేడం. ఒకసారి బంద్ చేసి ఆన్ చేస్త."

"చెయ్యి తియ్యి!" అని అరిచాను. హబ్ అంటే ఇంట్లోని సెన్సర్లన్నీ సమాచారం పంపే చిన్న పెట్టె. ఈ రకంలో కరెంటు తీస్తే లోపలి లాగ్, అంటే ఏది ఎప్పుడు జరిగిందనే నమోదు, తుడిచిపెట్టుకుపోతుంది. రవి మొహం చిన్నబోయింది గానీ, బుజ్జగించే ఓపిక నాకప్పుడు లేదు.

ల్యాప్‌టాప్ తగిలించి లాగ్ కాపీ చేసుకున్నాను. వీధి గేటు కెమెరాలో ఎవరూ లేరు. తెల్లవారకముందే గీజర్ ఆన్ అయింది, తర్వాత వంటింటి లైటు, ఆపైన దొడ్డి తలుపు. మతి తప్పి తిరిగే మనిషి ఇంత పద్ధతిగా కదలడే అనుకుంటూ పైకే చదివాను. గోడకు ఆనుకుని ఏడుస్తున్న ఆయన భార్య మల్లమ్మ తలెత్తింది.

"దొడ్డి దర్వాజనా బిడ్డా? మొదటి షిఫ్టుకు గట్లనే పోయెటోడు. ముందటి దర్వాజ తీస్తే పిల్లలు లేస్తరని."

"బాయి మూసేసి ఏండ్లయితుంది కదమ్మా," అన్నాడు రవి.

"గది మీ నాయినకు యాదుంటదారా? షిఫ్టు బస్సు ఆగే కాడ చూడుండ్రి!"

ఎస్సై మమ్మల్ని జీపులో ఎక్కించుకుని అడవి అంచు రోడ్డు పట్టారు. పాడుబడ్డ బస్సు షెల్టర్‌లో కొమురయ్య టిఫిన్ డబ్బా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ఒంటి మీద ఒక్క గీత కూడా లేదు. పోయిన ప్రాణం లేచొచ్చింది నాకు.

"ఇయ్యాల బస్సు లేటు," అన్నాడు విసుగ్గా.

రవి ఏదో చెప్పబోతే మల్లమ్మ చెయ్యి పట్టి ఆపింది.

"రవి నాయినా, షిఫ్టు అయిపోయింది. ఇంటికి పోదాం పా," అంది భర్తతో.

సరేనని లేచాడు. డబ్బా ఆమె చేతికిచ్చాడు.

తలుపు ఎప్పుడు తెరుచుకుందో పరికరం చెబుతుంది. ఆ మనిషి ఎటు వెళ్లి ఉంటాడో మాత్రం అతనితో కాపురం చేసినవాళ్లనే అడగాలి. అందుకే ఇప్పుడు ఏ ఇంటికి వెళ్లినా, ల్యాప్‌టాప్ తెరిచేముందు నా పక్కన ఇంకో కుర్చీ వేయించుకుంటాను.