సాక్ష్యం మధ్యలో పాట

సాగర్ రోడ్డు పక్కన గంపల్లో మాగుతున్న సీతాఫలాల వాసన తగిలితే మనవడి చేత బండి ఆపించకుండా ఉండలేను. కొనేది రెండే అయినా గంపంతా వాసన చూస్తాను. ఇబ్రహీంపట్నం దగ్గరి మా వాడ, వరిగడ్డి పరిచిన కుండల్లో దాచిన కాయలు, గచ్చకాయలాట మధ్యలో లేచిపోయి వాటిని నొక్కి చూసి అమ్మ చేతిలో తిన్న దెబ్బలు, అన్నీ ఆ వాసన వెంటే వస్తాయి. వాటితోపాటు రజాకార్ల కాలం నాటి అనుమానం కూడా వస్తుంది. ఎవరు ఎవరి మనిషో తెలియక, గడపలో కొత్త నీడ పడితే చాలు పెద్దలు మాట మింగేసేవాళ్లు.

అమ్మకైతే ఆ కాలం రాకముందు నుంచే అనుమానం. ఇంటి కోడి పెట్టిన గుడ్డునైనా ఎండకు ఎత్తి చూసేది. బాపుది నోట్లో నువ్వుగింజ నానని స్వభావం. అలాంటి బాపు, నిజాం మీద తిరగబడి గుట్టల్లో దాక్కున్న సంఘం వాళ్లకు జొన్నరొట్టెలు మోస్తున్నాడు. ఆ సంగతి అమ్మకు, ఆమె రొట్టెలు కాలుస్తుంటే పొయ్యి ముందు నుంచి లేవని నాకు తప్ప ఎవరికీ తెలియదు. రజాకార్ల చెవిన పడితే బాపు ప్రాణం దక్కదు.

సీతాఫలాల కాలంలో ఒక ఆదివారం మా ఇంట్లో ప్రార్థన. పేడతో అలికిన నేల మీద ఈతచాపలు పరిచి, వాడలోని క్రైస్తవ కుటుంబాలన్నీ కూర్చున్నాయి. దేవుడు తనను ఎలా మార్చాడో ఊరూరా తిరిగి సాక్ష్యం చెబుతానంటూ ఏసోబు అనే కొత్త మనిషి వచ్చాడు. అమ్మ అతని ముఖం చూడలేదు, గడప బయట విడిచిన చెప్పులు చూసింది.

"ఊరూరు తిరిగేటోని చెప్పులకు జర దుమ్ము సుత లేదేందక్కా?" అని పక్కనున్న పెద్దమ్మ చెవిలో అంది.

ఏసోబు లేచి, తాను ఒకప్పుడు దొర గడీలో లాఠీ పట్టినవాడినని, తన చేత దెబ్బలు తిన్న ముసలాయన తన కోసమే ప్రార్థన చేస్తుంటే విని చెయ్యి లేవలేదని, ఆ రోజే యేసును నమ్ముకున్నానని చెప్పాడు. ఆడవాళ్లు కళ్లు తుడుచుకున్నారు. వచ్చినవాడు సాక్ష్యం చెబితే ఇంటి యజమాని కూడా తనది చెప్పాలి, అది మా వాడ పద్ధతి. అప్పటికే కరిగిపోయిన బాపు లేచి నిలబడ్డాడు.

"నేను సుత ఒక ముచ్చట దాసిపెట్టిన. గిది దేవుని ముంగట..."

సాక్ష్యం మరీ సాగదీస్తే ఆడవాళ్లు పాట ఎత్తి కూర్చోబెట్టడం మామూలే. కానీ అసలు మొదలవకముందే ఎత్తిన వాళ్లను అంతకుముందు చూడలేదు. అమ్మ ఎత్తింది. చప్పట్లతో ఇల్లు దద్దరిల్లింది, బాపు కూలబడ్డాడు. ప్రార్థన కాగానే, తినడానికి ఇంత జొన్నగటక కూడా పెట్టకుండానే ఏసోబును సాగనంపింది. బాపు వారమంతా అమ్మతో మాట్లాడలేదు.

పోలీసు చర్య జరిగి మిలిట్రీ వచ్చాక, మళ్లీ సీతాఫలాల కాలంలో ఏసోబు వచ్చాడు. నోట్లో ముందు పళ్లు లేవు. ప్రార్థనలో లేచి నిలబడ్డాడు.

"నాడు గీ ఊరు దాటంగనే రజాకార్లు పట్టుకున్నరు. సంగపోళ్లకు రొట్టెలు ఎవలు మోస్తున్నరని కొట్టిండ్రు. నాకు తెల్వదని చెప్పిన. నేను గట్టోన్నని అనుకోకుండ్రి. నిజంగనే తెల్వకపాయె. తెలిస్తే చెప్పేటోన్ని. గీ అక్క నాడు అన్నను ఎందుకు ఆపిందో ఇప్పటికీ తెల్వది. నాకు తెల్వనియ్యకుండ్రి."

బాపు తల దించుకున్నాడు. అమ్మ లేచి గటక తెచ్చి పెట్టింది. అతను వెళ్తుంటే మాత్రం ఏ దారి పట్టాడో గడపలో నిలబడి చూసింది.

ఇప్పుడు మా వాడ ఉన్న చోట ప్లాట్ల హద్దురాళ్లు ఉన్నాయి. బడంగ్‌పేట్‌లో కోడలితో వెళ్లే చర్చిలో సాక్ష్యాలు మైకులో చెబుతారు. జబ్బు నయమైంది, ఉద్యోగం వచ్చింది, ఇల్లు కట్టాం. అమ్మ కూతురిని కదా, అనుమానంగానే వింటాను. తెలిసుంటే దెబ్బలకు తాళలేక ఆ పేరు చెప్పేసేవాడినని మనుషుల ముందు నిలబడి ఒప్పుకున్నవాడు మాత్రం నాకు మళ్లీ కనబడలేదు.