టోపీ తీశాక ఒక చూపు

టోపీ గారిని ఒక్కసారే పిలవాలి. రెండోసారి పిలిస్తే ఆయనకు వినపడదు. చెవుడనుకునేరు! పక్క గదిలో కాగితం చిరిగినా వినగలిగే చెవులవి. ఆయన పద్ధతే అంత.

కంప్యూటర్లకు నెట్‌వర్క్ కార్డులు తయారుచేసే ఆఫీసులో అందరికన్నా పెద్ద ఇంజనీరాయన. బల్ల మీద ఒక గంట, దాని పక్కన మందపాటి ఉన్ని టోపీ. ఎవరికి సందేహం వచ్చినా వెళ్ళి గంట నొక్కాలి. "టింగ్" అనగానే ఆయన లేచి, టోపీని తలకు కాదు, గంటకు తొడిగేవారు. ఇక ఎవరెంత నొక్కినా అది కిక్కురుమనదు. మొదటి బల్ల నుంచి చివరి బల్ల దాకా, పిలిచినవాళ్ళనూ పిలవనివాళ్ళనూ పలకరిస్తూ, సందేహాలు తీరుస్తూ వచ్చేవారు. ఎవరి దగ్గరా ఏమీ మిగల్లేదని తేలాకే టోపీ తీసేవారు. తీశాక తలెత్తి గదంతా మరొక్కసారి కలియజూసేవారు. ఆ చూపెందుకో ఎవరికీ తెలీదు. "హాజరు వేసుకుంటున్నారు" అని కుర్రకారు నవ్వుకునేది.

పైగా మనిషికి నాలుగే ప్రశ్నలు. ఒకసారి మేనేజరు అయిదోది మొదలుపెట్టాడు.

"మళ్ళీ చుట్టులో" అంటూ ఆయన పక్క బల్లకు నడిచారు.

"నేను మేనేజర్నండీ!"

"తెలుసు సార్. అందుకే మొదటి నాలుగూ ఓపిగ్గా విన్నాను."

ఇంట్లోనూ ఇంతేనా అని ఎవరో అడిగితే ఆయన భార్య పకపకా నవ్వింది. "కుక్కర్ ఒక్క కూత వేస్తే చాలు, వెళ్ళి మిగతా కూతలయ్యేదాకా అక్కడే నిలబడతారు. ఊరికే నిలబడలేక గిన్నెలన్నీ తోమేస్తారు. నేనెందుకు వద్దంటాను?"

ఈ వింతనంతా కళ్ళప్పగించి చూసేది కొత్తమ్మాయి. చేరి ఆర్నెల్లయినా ఆ గంటను ముట్టుకోలేదు. అంత మొహమాటం. నెట్‌వర్క్ నుంచి ముక్కలు ముక్కలుగా కార్డులోకి వచ్చే సమాచారాన్ని, అంటే ప్యాకెట్లను, కంప్యూటరుకు అందించే డ్రైవర్ ప్రోగ్రాం ఆమె పని. మూడు ప్యాకెట్లొస్తే ఒకటి గల్లంతయ్యేది. శుక్రవారం పరీక్ష. అందులో ఒక్క ప్యాకెట్టు పోయినా ఆమె ఉద్యోగం పోతుందని మేనేజరు మొహం మీదే చెప్పేశాడు.

సోమవారం చుట్టులో టోపీ గారు ఆమె బల్ల దగ్గర ఆగారు.

"ప్యాకెట్టొస్తే నీ డ్రైవరేం చేస్తుందమ్మా?"

"కార్డు పిలుస్తుందండీ. చేస్తున్న పని ఆపి, వెళ్ళి తీసుకుంటుంది."

"ఇంకోటొస్తే?"

"మళ్ళీ పిలుస్తుంది, మళ్ళీ వెళ్తుందండీ."

"సెకనుకు లక్ష వస్తే?"

"లక్షసార్లూ..."

"అలా లేస్తూ కూర్చుంటూ ఉంటే పనెప్పుడు చేస్తుంది, పాపం?" అని ఆయన వెళ్ళిపోయారు.

ఆమె టోపీ కేసి చూసింది. ఓరి దేవుడా! తాము నవ్వుకుంటున్న చాదస్తం ఇదా! రెండు రోజులు కూర్చుని మార్చేసింది. కార్డు ఒక్కసారి పిలవగానే పిలుపుకు టోపీ. ఆనక కొన్ని కొన్ని చొప్పున ప్యాకెట్లు తీసుకోవడం, మధ్యలో మిగతా పనులకూ వంతు ఇవ్వడం, అన్నీ అయ్యాక టోపీ తీయడం. వేగం ఏకంగా పది రెట్లయింది. ఒక్కటీ పోలేదు.

గురువారం మధ్యాహ్నం మాత్రం కొత్త చిక్కొచ్చి పడింది. లక్షల ప్యాకెట్లు నిక్షేపంగా వచ్చి, ఆఖరుది ఒక్కటే కార్డులో చిక్కుకుపోయేది. అది రాకుండా పరీక్ష ముగియదు. ఎంత వెతికినా తప్పు దొరకలేదు. చివరికి ధైర్యం కూడగట్టుకుని గంట దగ్గరకు వెళ్ళింది. దాని మీద టోపీ! ఇందాక ఆయన పలకరించినప్పుడు తనే కనిపెట్టగలననుకుని అడగలేదు; ఇప్పుడాయన ఆమె బల్ల దాటి, గది ఆ కొసన ఉన్నారు. అయినా ఉండబట్టలేక టోపీ మీదే నొక్కింది. చప్పుడు రాలేదు. కళ్ళనీళ్ళు మింగుకుంటూ తిరిగొచ్చి కూర్చుంది.

టోపీ గారు చుట్టు ముగించారు. టోపీ తీశారు. తలెత్తి గదంతా చూశారు. తిన్నగా ఆమె దగ్గరకు వచ్చారు.

"నొక్కావు కదూ?"

"అయ్యో, మీకెలా తెలుసండీ? చప్పుడే రాలేదు!"

"నోరున్నవాళ్ళు టోపీ లాగి పారేసి మరీ నొక్కుతారమ్మా. మొహమాటస్తులు టోపీ మీదే నొక్కి వెళ్ళిపోతారు. నేను టోపీ తీసినంత మాత్రాన వాళ్ళు మళ్ళీ వచ్చి నొక్కరు. అందుకే తీశాక ఒకసారి అందరి మొహాలూ చూసుకుంటాను."

ఇన్నాళ్ళూ ఆయన వేసుకుంటున్న హాజరు తనలాంటి వాళ్ళదన్నమాట! మరుక్షణం నెత్తి కొట్టుకుంది.

"నా ఆఖరు ప్యాకెట్టూ టోపీ ఉండగానే వచ్చిందండీ! మళ్ళీ పిలవదు! టోపీ తీశాక నేను చూడట్లేదు!"

"మరింకేం? చూడు."

ప్రోగ్రాంలో రెండే రెండు లైన్లు చేర్చింది. శుక్రవారం పరీక్ష గంటసేపు నడిచింది. పోయినవి సున్నా, చిక్కుకున్నవి సున్నా. మేనేజరు వచ్చి ఉద్యోగం ఖాయమన్నాడు. ఆ సంబరంలో ఆమె ఆ చూపు సంగతి గదంతా చెప్పేసి, వెళ్ళి మొట్టమొదటిసారి "టింగ్" మనిపించింది.

ఆయన గంటకు టోపీ తొడిగి, పిలిచిందెవరో తెలిసినా మొదటి బల్ల నుంచే మొదలుపెట్టారు. ఆమె దాకా వచ్చేసరికి అరగంట పట్టింది.

"థాంక్సండీ. ఉద్యోగం నిలబడిందండీ. మీ చలవేనండీ. మా అమ్మక్కూడా చెప్పానండీ. ఇంకా..."

"నాలుగయ్యాయి. మళ్ళీ చుట్టులో" అని వెళ్ళి టోపీ తీశారు. అలవాటుగా తలెత్తి చూశారు.

గదిలో అందరూ చేతులెత్తారు. "హాజర్ సార్!" అన్నారు. అందరికన్నా గట్టిగా అరిచింది మేనేజరే.